ముందు వరుసలో కూర్చున్న అమ్మ నుంచి

ఒంగోలు

చిరంజీవి చిట్టితల్లికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఎండలు ముదిరాయి. మీ నాన్నగారు తెల్లవారుజామునే నడక ముగించుకుని వచ్చి, పేపరు ఇంకా రాలేదేమని గేటు దగ్గర కాపలా కాస్తున్నారు.

మొన్న ఫోనులో నువ్వొక ప్రశ్న వేశావు. స్టాండప్ కమెడియన్లలో నీకు బాగా ఇష్టమైనవాళ్ళెవరు, బొత్తిగా నచ్చనివాళ్ళెవరు అని. కుక్కరు విజిల్ వేస్తోందని పెట్టేశాను కానీ, ఆ రోజు కుక్కరు పొయ్యి మీద లేనే లేదు. ఇలాంటివి ఒక్క మాటలో తేలవు. తీరిగ్గా రాద్దామని కాగితం తీశాను.

ఇష్టమైనవాళ్ళలో మొదటి పేరు జానీ లీవర్. సినిమాల్లో కళ్ళు తిప్పుతూ అరిచే జానీ లీవర్ కాదు, చేతిలో మైకు తప్ప మరేమీ లేని జానీ లీవర్. మన వైపువాడన్న అభిమానం కొంత ఉందిలే, దాచడమెందుకు. 1957లో కనిగిరిలో పుట్టాడు. అప్పటికి మన జిల్లా ఏర్పడలేదు, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. పెరిగింది బొంబాయిలో. చదువు ఏడో తరగతితో ఆగింది. సినిమా నటుల గొంతులు అనుకరిస్తూ, వాళ్ళలాగే చిందులు వేస్తూ వీధుల్లో పెన్నులు అమ్మాడు. ఆ తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కార్మికుడిగా చేరాడు. ఒకసారి కంపెనీ వేడుకలో పై అధికారులను అనుకరించి చూపించాడు. అప్పటి నుంచి తోటి కార్మికులు అతన్ని జానీ లీవర్ అనడం మొదలుపెట్టారు. అదే పేరు నిలిచిపోయింది.

ఆ వేడుకను నేను చాలాసార్లు ఊహించుకుంటాను. జీతం ఇచ్చే దొరలు ఎదురుగా కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళ నడక వాళ్ళకే నడిచి చూపించాలి. అనుకరణ అచ్చంగా దిగితే చప్పట్లు, గురి తప్పితే మర్నాడు గేటు బయట. ‘అధికారులంతా ఇంతే’ అని ఊరికే వెక్కిరించి ఉంటే పేరేమో గానీ ఉద్యోగం మాత్రం మిగిలేది కాదు. ఫలానా ఆయన ఫలానా మాటకు ముందు ఎలా గొంతు సవరించుకుంటాడో పట్టుకున్నాడు కాబట్టి ఆ గొంతు యజమాని కూడా నవ్వి ఉంటాడు.

తర్వాత సినిమా సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంలో చేరాడు. 1982లో అమితాబ్ బచ్చన్‌తో కలిసి విదేశాల్లో ప్రదర్శనలకు వెళ్ళాడు. ‘హఁసీ కే హంగామే’ అని అతని క్యాసెట్టు ఒకటి ఉండేది. బొంబాయి నుంచి మా బ్రాంచికి బదిలీ మీద వచ్చినాయన దాన్ని తెచ్చాడు. నాకు హిందీ సగమే తెలుసు, మిగతా సగానికి గొంతే అర్థం చెప్పేది. ఇప్పుడు కూతురు జేమీ కూడా అదే వృత్తిలో ఉంది. ఆశా భోస్లేను అనుకరిస్తుంటే ఆమె తలపంకించడం కూడా వినబడుతుంది. ‘వినబడుతుంది’ అనే రాశాను, దిద్దకు.

నేరెళ్ళ వేణుమాధవ్ గారిని ఈ లెక్కలో కలుపుతానంటే మిమిక్రీ వేరు, స్టాండప్ వేరు అని నువ్వు తగాదాకు వస్తావు. సరే, కలపను. కానీ హాలీవుడ్ సినిమాలోని గుర్రపు రథాల పందాన్ని డెక్కల చప్పుడుతో సహా ఒక్క నోటితో వినిపించిన వరంగల్లు మనిషిని వదిలేస్తున్నందుకు నాకు కష్టంగానే ఉంది.

బుర్రకథను మాత్రం వదలను. నువ్వు సరిగ్గా చూడలేదు కాబట్టి చెబుతున్నాను. నడుమ తంబురాతో కథకుడు ఉంటాడు. ఇటూ అటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. ఒకడిది రాజకీయం, రెండోవాడిది హాస్యం. కథ బొబ్బిలి యుద్ధంలో ఉన్నా హాస్యపు వంత దాన్ని ఉన్నట్టుండి మన ఊరి రేషను షాపు దగ్గరకు లాక్కొచ్చేవాడు. మా ఊరి తిరునాళ్ళకు వచ్చిన దళంలో ఒకాయన ఉండేవాడు. సాయంత్రమే టీ కొట్టు బల్ల మీద చేరి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చునేవాడు. రాత్రి కథ మధ్యలో కండువా ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదకు మార్చి, రెండుసార్లు దగ్గి, ఖాళీ చేతిని పొడుం డబ్బీ తట్టినట్టు తట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఊరు ఊరంతా తల తిప్పి పంచాయతీ ప్రెసిడెంటు గారి వైపు చూసింది. ఆయన పొడుం డబ్బీ సగం తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. బుర్రకథ చెప్పే షేక్ నాజర్ గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లో ఫొటో చూసి నాకు ముందు గుర్తొచ్చింది ఆ పేరు తెలియని హాస్యగాడే.

ఇక రిచర్డ్ ప్రయర్, అమెరికా నల్లజాతి హాస్యగాడు. గత సంక్రాంతికి నువ్వు లాప్‌టాప్‌లో పెట్టి, కింద అక్షరాలు వచ్చేలా చేసి, ‘అమ్మా, బూతులుంటాయి, పట్టించుకోకు’ అన్నావు. నిజంగానే ఉన్నాయి. మొదటి పావుగంట వంటింట్లోకి పోదామా అనుకున్నాను. గుండెపోటు ఘట్టం వచ్చాక కదల్లేకపోయాను. 1977లో అతనికి నిజంగానే గుండెపోటు వచ్చింది. 1979లో విడుదలైన ఆ షోలో దాన్ని ఆడి చూపించాడు. పిడికిలి రొమ్ము మీద పెట్టుకుని మెలితిప్పుతాడు. ఆ పిడికిలే గుండె. ఊపిరి పీల్చకు అని అది వీధి రౌడీలా గద్దిస్తుంది. ఇతను చిన్నపిల్లాడి గొంతుతో సరే, సరే అంటాడు. ఇప్పుడు చావు గుర్తొచ్చిందా, ఆ పంది మాంసం తినేటప్పుడు రాలేదేం అని నిలదీస్తుంది. ఇతను చాటుగా దేవుడికి ఫోను కలపబోతే దానికి తెలిసిపోతుంది, మళ్ళీ మెలితిప్పుతుంది. మోకాళ్ళ మీద పడతాడు, వెల్లకిలా పడతాడు, నేల మీద నుంచే చెబుతూ ఉంటాడు. అంబులెన్సులో కళ్ళు తెరిస్తే చుట్టూ అందరూ తెల్లవాళ్ళే. చచ్చి పొరపాటున వేరేవాళ్ళ స్వర్గానికి వచ్చానా అనుకుంటాడు.

స్టెంటు వేయించుకున్న మీ నాన్నగారు నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ రాత్రి గురించి ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ షో అయ్యాక మాట్లాడారు. నాదీ అచ్చం అలాగే గద్దించిందే అన్నారు. ప్రయర్ నాకెందుకు ఇష్టమంటే ఇంతకంటే చెప్పలేను. 1998లో మార్క్ ట్వేన్ పేరుతో హాస్యానికి బహుమతి పెట్టి, మొదటిసారి అతనికే ఇచ్చారట. ఆ ఎంపిక చేసినవాళ్ళకు తెలివి ఉంది.

హరి కొండబోలు పేరు చెప్పకపోతే నువ్వు ఊరుకోవు. 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టిన మన తెలుగువాళ్ళబ్బాయి. మొదట్లో అతనూ భారతీయుల యాస పెట్టి నవ్వించేవాడట. 2001 దాడుల తర్వాత ఆ దారి వదిలి రాజకీయాల వైపు మళ్ళానని తనే చెప్పుకున్నాడు. 2017లో ‘సింప్సన్స్’ కార్టూన్లోని అపూ అనే కొట్టు యజమాని మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది ఒక తెల్ల నటుడు. అమెరికా బళ్ళలో మన పిల్లలందరినీ అదే యాసతో ఏడిపించేవారని అతని గోడు. ఆ నటుడు 2020లో ఆ పాత్రకు గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు, మరుసటి ఏడు క్షమాపణ కూడా చెప్పాడు. నిజం చెప్పాలంటే స్టేజీ మీద హరి నన్ను ప్రయర్ అంత నవ్వించడు. ఒక్కోసారి ఉపన్యాసం ఎక్కువవుతుంది. అయినా నవ్వు వస్తుందని తెలిసిన సరుకును పక్కన పెట్టేశాడు చూడు, అందుకని అతని పేరు ఈ వరుసలో ఉంచాను.

ఇక నచ్చనివాళ్ళు. ఆండ్రూ డైస్ క్లే అని తోలు జాకెట్టు మనిషి ఒకడు. 1990లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వరుసగా రెండు రాత్రులు టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి అతని షోకు. పిల్లల పాటల్లో బూతులు ఇరికించి చదవడం, ఆడవాళ్ళను తిట్టడం, ఇంతే సరుకు. బూతు కాదు నా ఫిర్యాదు, ప్రయర్ నోరు అంతకంటే శుభ్రమైనదేమీ కాదు. డైస్ క్లే మాటల్లో వెయ్యిసార్లు ఆడది వస్తుంది, ఒక్క ఆడమనిషి రాదు. పేరు, ముఖం, తిరిగి ఒక మాట, ఏమీ ఉండవు. అదే హాల్లో 2025 ఆగస్టులో జాకిర్ ఖాన్ హిందీలో షో చేశాడంటే ఆ గోడలకు కొంత మైల వదిలి ఉంటుంది. (జాకిర్ మీద నా ఒకే ఒక్క ఫిర్యాదు నీకు తెలుసు. చివర్లో మనల్ని ఏడిపించాలని చూస్తాడు. నవ్వడానికి వెళ్ళినవాళ్ళను నవ్వనివ్వాలి.)

బిల్ కాస్బీ సంగతి వేరు. 1983 నాటి అతని షోలో పంటి డాక్టరు దగ్గర మత్తు సూది పొడిపించుకున్న మనిషి మాట్లాడే తీరు చూపిస్తాడు. కింది పెదవి సొంతదో అద్దెదో తెలియక, మాట జారిపోతూ, చొంగ తుడుచుకుంటూ. కుర్చీలోంచి లేవకుండానే అంతా చూపించాడు. అంత శ్రద్ధగా చూసి చెప్పేవాళ్ళు అరుదు. బూతు లేదు, ఇంటిల్లిపాదీ చూడవచ్చు. పైగా ఎడ్డీ మర్ఫీ అనే మరో హాస్యగాడికి ఫోను చేసి బూతులు మానమని సుద్దులు చెప్పాడు కూడా. మర్ఫీ ఆ ఫోను సంగతినే 1987లో స్టేజీ మీద చెప్పి నవ్వించాడు. తర్వాత యాభై మందికి పైగా స్త్రీలు కాస్బీ మీద లైంగిక దాడి, వేధింపుల ఆరోపణలు చేశారు. అతను కాదన్నాడు. 2018లో ఒక కేసులో దోషి అన్నారు. 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పాత ప్రాసిక్యూటర్ కేసు పెట్టనని ఇచ్చిన మాటను తర్వాతివాళ్ళు దాటకూడదన్నది కారణం, ఆ స్త్రీలు చెప్పింది అబద్ధమని కాదు. ఆ పెదవి ఘట్టం మళ్ళీ పెట్టి చూశాను. ఎక్కడ నవ్వాలో తెలుసు, నవ్వు రాలేదు. ఎంత ఆలోచించినా నచ్చనివాళ్ళలో మొదటి పేరు ఇదే. హాస్యగాణ్ణి కొలవడానికి నా దగ్గర ఉన్న కొలతబద్ద ఇతని దగ్గర పనికిరాలేదు. పనికిరాలేదనే రాస్తున్నాను.

మూడో రకానికి పేరు పెట్టను. హైదరాబాదులో నువ్వు నన్ను తీసుకెళ్ళిన షో గుర్తుందా? మనం ముందు వరుసలో కూర్చున్నాం. ఆ అబ్బాయి వస్తూనే నన్ను చూసి, ‘ఆంటీ, భజన పక్క హాల్లో’ అన్నాడు. హాలంతా నవ్వింది. మర్యాదకు నేనూ నవ్వాను. నువ్వు ఇంటికి వచ్చేదాకా వాడి మీద మండిపడుతూనే ఉన్నావు. అవమానం అనుకున్నావు. నాకు అవమానమేమీ అనిపించలేదు. ఆ మాటకు నేను అక్కర్లేదు, నెరిసిన జుట్టున్న ఎవరైనా చాలు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ ఏం చేస్తావు, పెళ్ళయిందా, జీతమెంత అని అడుగుతూ గంట గడిపేశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు ఉండవు. ఇప్పుడు నీ ఫోనులో వచ్చే ముక్కలన్నీ అవే. టిక్కెట్టు కొన్నది మనం, సరుకు సరఫరా చేసేదీ మనమే. అంతసేపు అంతమందితో మాట్లాడినా, నేను పాతికేళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్న మనిషినని అతనికి తెలియలేదు. తెలిసి ఉంటే ఎంత సరుకు దొరికేదో!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్తవాళ్ళకు మైకు ఇచ్చే ఓపెన్ మైక్‌లో అయిదు నిమిషాలు నీకూ ఇచ్చారనీ, నా మీదే చెప్పబోతున్నావనీ మీ అన్నయ్య నోరు జారాడు. ఇష్టాయిష్టాలంటూ ఫోను చేసింది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. చెప్పుకో, నాకు అభ్యంతరం లేదు. కానీ పక్కింటి అబ్బాయి మార్కులడిగే అమ్మ, పెళ్ళెప్పుడని పీకే అమ్మ, సూట్‌కేసులో ఆవకాయ కుక్కే అమ్మ వద్దు. ఆ అమ్మ అందరి దగ్గరా ఉంది. నీ మార్కుల సంగతి నేనెప్పుడు అడిగాను? సంతకం పెట్టింది కూడా మీ నాన్నగారే.

మీ పెద్దమ్మ కూతురి పెళ్ళిలో చదివింపుల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టిన సంగతి చెప్పు. మేళం మోగుతూనే ఉంది. నేను తడి రుమాలుకు బొటనవేలు అద్దుకుని లెక్కపెడుతున్నాను. ఒక అయిదు వందల నోటు దగ్గర వేలు ఆగింది. కాగితం మెత్తగా ఉంది. ట్యూబ్‌లైటుకు ఎత్తి చూస్తే నీటిగుర్తులో గాంధీగారు లేరు. అలవాటైన నోరు కదా, ‘ఇది ఎవరిదండీ?’ అని కౌంటర్లో అరిచినట్టే అరిచాను. సరిగ్గా అప్పుడే మేళం ఆగింది. వచ్చి నిలబడ్డది పెళ్ళికొడుకు మేనమామ. నేను నోటు వెనక్కి ఇచ్చి, మరొకటి తీసుకుని, రాసి, ‘తర్వాత’ అన్నాను. ఆ ‘తర్వాత’ను నువ్వు నాలాగే అనగలవు. చిన్నప్పుడు స్టూలు మీద కూర్చుని, తలుపు సందులోంచి చెయ్యి చాపమని అందరినీ వరుసలో నిలబెట్టేదానివి. మైకు దగ్గర అద్దాలు ముక్కు మీదకు జార్చి, తల ఎత్తకుండా అను. తల ఎత్తితే అది నేను కాదు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు. ముందు వరుస టిక్కెట్లు మాత్రం వద్దు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: అయిదు నిమిషాలకు ఎంత ఇస్తారని మీ నాన్నగారు అడుగుతున్నారు. ఏమీ ఇవ్వరని, పైగా కాఫీ మనమే కొనుక్కోవాలని చెప్పాను. నీ బ్యాంకు పరీక్షల పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయని రాయమన్నారు. రాశాను.