పిటిషన్ సంగతి అడిగితే పలకని మీ లా ఆఫీసుపై ఫిర్యాదు

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

నమస్కారం. మీ ఆఫీసులో తెలుగువాళ్ళు ఉన్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు తెలుగులోనే రాస్తున్నాను. సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ (లైంగిక నేరస్థుల జాబితా) నుంచి నా తమ్ముడి పేరు తీయించే కేసు మీ దగ్గర ఉంది. ఫీజు మొత్తం ముందే కట్టాం. పిటిషన్ వేశారో లేదో ఈ రోజుకీ మాకు తెలియదు.

తమ్ముడు చేసింది నేరమే. ఆ అమ్మాయి పడ్డ బాధను తక్కువ చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మిస్‌డిమీనర్ (చిన్న తరహా నేరం) కింద శిక్ష పడింది, అనుభవించాడు. అప్పటి నుంచి ఏటా పుట్టినరోజుకు అటూ ఇటూ ఐదు పనిదినాల్లోపు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి రిజిస్టర్ చేయించుకుంటూనే ఉన్నాడు. కాలిఫోర్నియాలో 2021కి ముందు ఒకసారి పేరెక్కితే దాదాపు అందరికీ అది జీవితాంతమే. ఎస్‌బీ 384 చట్టం అమల్లోకి వచ్చాక టైర్ 1 (అన్నిటికంటే కింది స్థాయి) వాళ్ళకు కనీసం 10 ఏళ్ళు గడిచాక పేరు తీసేయమని కోర్టును అడిగే వీలు దొరికింది. ఆ గడువు నిండి పుట్టినరోజు రాగానే పిటిషన్ వేస్తామని మీ లాయరు గారు మా ఎదుటే చెప్పారు. ఆ పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది.

ఫీజు కట్టాక ఆ లాయరు గారు మళ్ళీ కనిపించలేదు. ఫోన్ చేస్తే ఎత్తినావిడ కేస్ మేనేజర్‌కి కలుపుతారు. ఆయన పారాలీగల్‌ని (లాయరు గారి సహాయకుణ్ణి) అడగాలంటారు. పారాలీగల్ వాయిస్ మెయిల్ ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది. నేను మాట్లాడితే "మీరు క్లయింట్ కాదు, వివరాలు చెప్పకూడదు" అన్నారు. సరేనని తమ్ముడు చేస్తే "ఫీజు కట్టినవాళ్ళతో మాట్లాడించండి" అన్నారు. నాతో మాట్లాడవచ్చని తమ్ముడు సంతకం చేసిన కాగితం మీ ఫైల్లోనే ఉంది. ఆ మాట చెబితే కాగితం కనబడటం లేదు, మళ్ళీ పంపమన్నారు. పంపాం. అందిందని కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్యలో తమ్ముడు శాన్ హోసే నుంచి ఫ్రీమాంట్‌కి ఇల్లు మారాడు. కౌంటీ కూడా మారింది కాబట్టి ఏం చేయాలని మిమ్మల్నే అడిగాం. ఒకరు మూడు రోజుల్లో చెప్పాలన్నారు. ఇంకొకరు వచ్చే పుట్టినరోజుకు చెబితే చాలన్నారు. ఆ రెండో మాట విని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫెడరల్ చట్టం మూడు పనిదినాలు అంటుంది, కాలిఫోర్నియా చట్టం ఐదు పనిదినాలు అంటుంది. పాత ఊళ్ళోనూ చెప్పాలి, కొత్త ఊళ్ళోనూ నమోదు చేయించుకోవాలి. తెలిసి మానేశాడని రుజువైతే అదే ఇంకో నేరం. మిస్‌డిమీనర్ వాళ్ళకు ఏడాది దాకా కౌంటీ జైలు, దానికి తోడు పదేళ్ళ గడువుకు మరో ఏడాది కలుస్తుంది. ఇంత పెద్ద విషయంలో మీ మనిషి నోటికొచ్చింది చెప్పి ఫోన్ పెట్టేశారు. మేమే చదువుకుని, అడిగి తెలుసుకుని, వేళకు వెళ్ళాం. పోలీస్ స్టేషన్ కిటికీ దగ్గర తమ్ముడు వేలిముద్రలు వేసి సిరా తుడుచుకుంటుంటే, వెనక ఎవరో సైకిల్ పోయిందని కంప్లైంట్ ఇవ్వడానికి పిల్లాడితో నిలబడ్డారు. తమ్ముడు తల ఎత్తలేదు. ఆ వేళ మీ ఆఫీసు నుంచి ఒక్క మనిషి ఫోన్లో దొరికినా మాకు కొంత ధైర్యంగా ఉండేది.

ఇల్లు మారాక పిటిషన్ ఏ కౌంటీలో వేయాలన్న ప్రశ్నకూ జవాబు లేదు. ఇప్పుడు రిజిస్టరై ఉన్న కౌంటీలో వేయాలి, అంటే అలమీడా. శిక్ష పడింది శాంటా క్లారాలో కాబట్టి రెండు చోట్లా పోలీసులకూ డిస్ట్రిక్ట్ అటార్నీకీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) కాపీలు అందాలి. ఆ తర్వాత పరిశీలించి చెప్పడానికి పోలీసులకు 60 రోజులు, డిస్ట్రిక్ట్ అటార్నీకి ఇంకో 60 రోజులు గడువుంటుంది. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా వీటన్నిటినీ వెనక్కి నెడుతోంది. మీ పోర్టల్లో మాత్రం "పరిశీలనలో ఉంది" అన్న మాట కదలకుండా అలాగే ఉంది.

అన్నిటికంటే బాధ కలిగించింది వేరే ఉంది. విజయవాడలో నాన్నగారికి ఒంట్లో బాగా లేదు. విదేశానికి వెళ్ళాలంటే 21 రోజుల ముందు తెలియజేయాలని నిబంధన ఉంది కదా, అత్యవసరమైతే ఏం చేయాలి అని అడిగితే, మీ దగ్గర ఫోన్ ఎత్తిన అబ్బాయి "ట్రావెల్ ఏజెంట్‌ని అడగండి" అన్నాడు. మేము టికెట్ ధర అడగలేదండీ.

మా ఆయన గ్రీన్‌కార్డు, మా ఇంటి కాగితాలు, వీలునామా అన్నీ మీ చేతి మీదుగానే జరిగాయి. తెలిసిన ఎన్ని కుటుంబాలకు మీ పేరు చెప్పానో! ఇప్పుడు వాళ్ళెవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెబుతాను.

పిటిషన్ వేసి ఉంటే కోర్టు ముద్ర ఉన్న కాపీ పంపండి. వేయకపోతే వెంటనే వేయండి, లేదా ఫైలు మొత్తం, మీరు చేయని పనికి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వండి. క్లయింట్‌కు కేసు సంగతులు ఎప్పటికప్పుడు చెప్పడం, వదిలేస్తే ఫైలూ మిగిలిన ఫీజూ ఇచ్చేయడం కాలిఫోర్నియా లాయర్ల నియమావళిలోనే ఉంది. ఈ లేఖకూ పలకకపోతే లాయర్లను నియంత్రించే స్టేట్ బార్‌లో ఫిర్యాదు చేస్తాను, ఫీజు తగాదా తీర్చే ఆర్బిట్రేషన్‌కూ వెళతాను. పాత ఈమెయిళ్ళన్నీ జాగ్రత్తగా దాచాను.

జవాబు రాతపూర్వకంగా, మీ సంతకంతో, తమ్ముడికీ నాకూ ఇద్దరికీ పంపండి. కేస్ మేనేజర్ చేత ఫోన్ చేయించవద్దు.

ఇట్లు,
మీ క్లయింట్ అక్క
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా