బస్సు టికెట్ ఫ్రీ కదా అని కాకినాడలోనే ఉండిపొమ్మంటే ఎలాగండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుని, ఆరేళ్ల సర్వీసు. మాది రావులపాలెం, నాన్నగారిది అరటిగెలల వ్యాపారం. మా ఆయన వాళ్లది పిఠాపురం, ఆయన కాకినాడ పోర్టు దగ్గర బియ్యం ఎక్స్‌పోర్టు కాగితాలు చూసే ఆఫీసులో చేస్తారు. నిరుడు మాఘమాసంలో మా పెళ్లయింది, ఆ తర్వాత కొన్నాళ్ల నుంచి రెండు ఇళ్లల్లోనూ ఒకటే టాపిక్కు, కాపురం కాకినాడలో పెట్టాలా రాజమండ్రిలో పెట్టాలా అని. మధ్యలో అరవై కిలోమీటర్ల పైచిలుకు, పక్కపక్క ఊళ్లే కదా దీనికింత ఆలోచనేంటి అంటారు అందరూ, రోజూ తిరిగినోళ్లకి తెలుస్తుందండి అరవై కిలోమీటర్లంటే ఏంటో.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆలోచనే జరగలేదు. పెళ్లికొడుకు ఉద్యోగం ఎక్కడుంటే కాపురం అక్కడే అని అందరూ అనేసుకున్నారు, నేనూ అనుకున్నా. కాకినాడ రమణయ్యపేటలో మా ఆయన అద్దెకుంటున్న ఇంట్లోనే దిగాం, నేను రోజూ రాజమండ్రి వెళ్లొచ్చేదాన్ని. మాకు డ్యూటీలు పొద్దున్న ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, నైటు అయితే ఎనిమిది నుంచి ఎనిమిది. పొద్దున్న డ్యూటీ అంటే ఐదుకల్లా ఇల్లు కదలాలి. సెకండ్ షిఫ్టు ఎనిమిదికి అయిపోతుంది అంటారు గానీ పేషెంట్లని హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి ఎనిమిదిన్నర, ఆర్టీసీ కాంప్లెక్సుకి వచ్చి బస్సు దొరికేసరికి తొమ్మిది దాటేది, కాకినాడలో భానుగుడి దగ్గర మా ఆయన బండేసుకుని పదకొండింటిదాకా నిలబడేవారు. నైటు దిగిన పొద్దున్నైతే కూర్చోడానికి సీటు దొరికితే చాలు నిద్రపోయేదాన్ని, కండక్టరు గారు తట్టి అమ్మా కాకినాడొచ్చేసింది దిగండి అని లేపిన రోజులు ఎన్నో.

2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం మొదలైంది, ఎక్స్‌ప్రెస్సులో కూడా ఆడవాళ్లకి టికెట్ ఫ్రీ. ఈ పథకం మంచిదేనండి, నేను దానికి వ్యతిరేకం కాదు. మా ఆస్పత్రిలో ఆయాలకి నెలకి ఎంత మిగులుతుందో నేను చూస్తున్నా, కడియం నర్సరీల్లో పనికెళ్లే వాళ్లు ఎంత సంతోషంగా ఎక్కుతున్నారో చూస్తున్నా. కానీ మా ఇంట్లో ఏమైందంటే ఆ రోజు నుంచి, నీకు చార్జీలు కూడా లేవు కదమ్మా ఇంక బాధేంటి, నువ్వే తిరుగు, అబ్బాయికైతే డబ్బులవుతాయి అనడం మొదలుపెట్టారు. మావయ్య గారు అన్నారు, మా పెద్దమ్మ అంది, ఆఖరికి మా అమ్మ కూడా అంది. టికెట్టుకి డబ్బులు పోవట్లేదు సరే, రోజూ పోయే నాలుగు గంటల సంగతేంటండి? ఆ నాలుగు గంటల నిద్ర నాకెవరిస్తారు? వెంటిలేటర్ మీదున్న పేషెంటు పక్కన నిలబడి మందుల డోసు లెక్కేసేది నేనే కదా, అది కునుకుపాట్లు పడుతూ చేసే పని కాదు.

ఇంక అక్టోబరులో మొంథా తుఫాను. 28న నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, కాకినాడలో మా ఆయన ఒక్కరు, ఇక్కడ ఆస్పత్రిలో నేను. డ్యూటీ దిగినా వెళ్లడానికి దారి లేదు, డ్రెస్సింగ్ రూములో బల్ల మీద రెండు రాత్రులు పడుకున్నా. ఉప్పాడ వైపు కెరటాలు రోడ్డు మీదకి వచ్చేస్తున్నాయని టీవీలో చూపిస్తుంటే ఫోన్ కలవక నేను పడ్డ కంగారు ఇప్పుడు తల్చుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. 96 నవంబరు తుఫాను చూసినవాళ్లు మా మావయ్య గారు, ఆయన తర్వాత ఫోన్ చేసి, మీరిద్దరూ ఒక ఊళ్లో ఉండే మార్గం చూడండమ్మా, అంతే అన్నారు. ఆ మాటతోటే మేం అసలు రెండు ఊళ్లనీ కూర్చుని చూడ్డం మొదలుపెట్టాం.

ఆదివారాలు తిరిగాం. కాకినాడ నాకు ఇష్టమైన ఊరే. రోడ్లు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, ఎత్తుపల్లాల్లేవు, సాయంత్రం అయితే సముద్రం గాలి. పెద్దాస్పత్రి ఉంది, రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది, జేఎన్టీయూ ఉంది, రేపు పిల్లల చదువులకి లోటుండదు. మేం చూసిన రెండిళ్లలో మాత్రం బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి, తాగడానికి టిన్నులు కొనుక్కోవాలి. రాజమండ్రిలో గోదారి పక్కనే కాబట్టి ఆ బాధ లేదు, విజయవాడ వైజాగు మెయిన్ లైను మీదుంది, మధురపూడిలో విమానాలు, మా పుట్టింటికి హైవే ఎక్కితే రావులపాలెం ముప్పావుగంట. ఎండలు మాత్రం భరించలేం, మే నెలలో మధ్యాహ్నం బయటికి రాలేం, ట్రాఫిక్ సరేసరి. దానవాయిపేటలో ఒక ఇల్లు అన్నీ కుదిరింది, అడ్వాన్సు ఇవ్వబోతుంటే ఓనరు గారు, 2027లో గోదారి పుష్కరాలకి మా చుట్టాలొస్తారు ఆ పన్నెండు రోజులు ముందు గది మాకిచ్చేయాలి అన్నారు. 2015 పుష్కరాలప్పుడు ఇక్కడ జనం ఎలా వచ్చారో తెలుసు కాబట్టి తప్పని కూడా అనలేను, కానీ నైటు డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేదాన్ని, వదిలేశాం.

మా బాబాయి మధ్యేమార్గం చెప్పాడు, అనపర్తిలోనో సామర్లకోటలోనో ఉండండి ఇద్దరికీ సగం సగం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ అప్పుడు ఇద్దరం తిరగాలి, నా రాత్రి ప్రయాణం అలాగే ఉంటుంది, అక్కడ కొత్తగా మాకు తెలిసినవాళ్లూ లేరు.

చివరికి మాకు తేలింది ఒకటే ప్రశ్న మీదండి. రాత్రిపూట రోడ్డు మీద ఉండాల్సింది ఎవరు? మా ఆయనది తొమ్మిది నుంచి ఆరు ఆఫీసు, పగలు వెళ్లి చీకటి పడ్డాక కాస్సేపటికి ఇల్లు చేరొచ్చు. నా డ్యూటీ వారానికొక రకం, ఎమర్జెన్సీ అయితే ఫోన్ చేసి పిలుస్తారు. రేపు కడుపుతో ఉంటే కెనాల్ రోడ్డు గతుకుల్లో బస్సులో నిలబడి రాలేను. ఈ మాట ముందు అన్నది కూడా ఆయనే, నేను తిరుగుతాను నువ్వు ఆస్పత్రి దగ్గరుండు అని. ఆయన ట్రైన్‌కి ఎమ్మెస్టీ, అంటే నెలవారీ సీజన్ టికెట్, తీసుకుంటున్నారు, కాకినాడ దాకా వెళ్లే బండి టైముకి లేకపోతే సామర్లకోటలో దిగి ఆటో. పిఠాపురం నుంచి కాకినాడకి లైను వేసి కాకినాడని మెయిన్ లైనులో కలపమని మావయ్య గారు కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి జనం అడుగుతున్నారట, అదైతే సామర్లకోటలో దిగి మారే బాధ తప్పుద్ది, ఇప్పటికీ అవ్వలేదు.

అత్తయ్య గారికి ఇంకా మనసొప్పలేదు. భార్య ఉద్యోగం కోసం మగాడు రోజూ ఊరు మారి తిరగడమేంటి, నర్సు ఉద్యోగం కాకినాడలో దొరకదా అంటారు. దొరుకుతుందండి, కానీ ఆరేళ్ల సీనియారిటీ వదిలేసి మళ్లీ కొత్త జీతంతో మొదలెట్టాలి, ఆయన్ని మాత్రం ఉద్యోగం మారమని ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు. అత్తయ్య గారి మీద కోపం లేదు, ఆవిడకి తెలిసిన పద్ధతి అది.

అధికారులకి మీ పేపరు ద్వారా ఒక మనవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక మా ఇంటిల్లిపాదీ మూడు జిల్లాల వాళ్లమైపోయాం, పుట్టిల్లు కోనసీమ, అత్తారిల్లు కాకినాడ జిల్లా, ఉద్యోగం తూర్పుగోదావరి. జిల్లాలు మూడైనా జనం మాత్రం పొద్దున్న లేస్తే ఈ రెండూళ్ల మధ్యే తిరుగుతున్నారు. పొద్దున్న ఎనిమిది, రాత్రి ఎనిమిది ఈ రెండు టైములు రెండూళ్లలోనూ ఆస్పత్రుల్లో డ్యూటీలు మారే టైములు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక రాజమండ్రి నుంచి కాకినాడకి, అట్నించి ఇటు, కనీసం అరగంటకొక ఎక్స్‌ప్రెస్సు కచ్చితంగా కదిలేలా చూడండి, బస్సు ఎప్పుడొస్తుందో తెలిసేలా కాంప్లెక్సులో చెప్పే మనిషిని పెట్టండి.

మేం ప్రకాష్ నగర్‌లో ఇల్లు తీసుకున్నాం, వచ్చే నెల పదో తారీఖున పాలు పొంగిస్తున్నాం. నా బాధ తీరిపోయినట్టే. మా వార్డులో ఇంకో ఇద్దరమ్మాయిలున్నారు, ఒకమ్మాయిది బిక్కవోలు ఒకమ్మాయిది కాకినాడ జగన్నాథపురం, వాళ్లకి ఇక్కడ ఇల్లు తీసుకునే వీలు లేదు, ఈ రాత్రి కూడా ఎనిమిదిన్నరకి బ్యాగు తగిలించుకుని బస్సు దొరుకుద్దో లేదో అని పరిగెత్తారు. ఈ ఉత్తరం ముందు వాళ్ల కోసం వేయండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
రాజమండ్రి.