గోడెల్ సిద్ధాంతాన్ని సగమే చెబితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో, ఉపన్యాసాల్లో తర్కవేత్త గోడెల్ పేరు వచ్చినప్పుడల్లా 'ఎన్నటికీ నిరూపించలేని సత్యాలున్నాయని గణితమే ఒప్పుకుంది' అనే మాట వినిపిస్తోంది. 1931లో ఆయన నిరూపించింది అది కాదు; కొన్ని షరతులు పాటించే ప్రతి స్వీకృతాల వ్యవస్థలోనూ (స్వీకృతాలంటే నిరూపణ లేకుండా ఒప్పుకునే మూల వాక్యాలు) నిరూపించనూ ఖండించనూ లేని వాక్యం ఉంటుందని. ఏ స్వీకృతాల నుంచి నిరూపించలేమో, ఎక్కడ సత్యమో చెప్పనిదే ఆ మాటకు అర్థం లేదు.

గణితంలో సమూహాల (గ్రూపుల) సంగతి చూడండి, అంటే రెండు మూలకాలను కలిపి మూడోదాన్నిచ్చే ఒక ప్రక్రియ ఉన్న వ్యవస్థలు. వాటికి స్వీకృతాలు మూడే: సహచర ధర్మం, తత్సమ మూలకం, విలోమం. స్థిత్యంతర ధర్మాన్ని, అంటే 'అబ = బఅ'ను, వీటి నుంచి నిరూపించలేం, ఖండించనూ లేం. పూర్ణ సంఖ్యల కూడికలో అది సత్యం. మూడు వస్తువుల ప్రస్తారాల్లో, అంటే వరుస మార్పుల్లో, అసత్యం: మొదటి రెండింటినీ తారుమారు చేసి ఆపైన చివరి రెండింటినీ మార్చినప్పుడు వచ్చే వరుస, ఆ పనులే వెనకాముందు చేస్తే రాదు. రెండు చోట్లా స్వీకృతాలు అవే. ప్రథమ శ్రేణి తర్కంలో ('అన్నీ', 'కొన్ని' అనే మాటలను వస్తువులకే వర్తింపజేసే తర్కంలో), స్వీకృతాలు చెల్లే ప్రతిచోటా సత్యమైన వాక్యానికి వాటి నుంచి నిరూపణ తప్పక ఉంటుందని 1929లో చూపింది కూడా గోడెలే. ఈ ఫలితాన్ని మాత్రం ఎవరూ తలవరు.

సహజ సంఖ్యల దగ్గర విషయం లోతుగా వెళుతుంది. 4ను 2 ఆధారంగా, అంటే 2 ఘాతాలతో, రాస్తే 2². ఘాతాల్లో సహా 2 ఉన్నచోటల్లా 3 పెట్టి, 1 తీసేస్తే 26. దాన్ని 3 ఆధారంగా (2·3² + 2·3 + 2) రాసి, 3కు బదులు 4 పెట్టి, 1 తీసేస్తే 41. ఆధారాన్ని ఒక్కొక్కటి పెంచుతూ పోతే ఆపైన 60, 83, 109. ఇలా ఎంత పెరిగినా, ఏ సంఖ్యతో మొదలైనా, వరుస చివరికి 0కు చేరుతుందని 1944లో గుడ్‌స్టీన్ నిరూపించారు. సహజ సంఖ్యల కూడిక, గుణకారాలకు వాడే ప్రామాణిక స్వీకృతాలైన పియానో స్వీకృతాలకు మాత్రం ఆ నిరూపణ అందదని 1982లో కిర్బీ, పారిస్ తేల్చారు. ఒక వ్యవస్థకు అందని సత్యం అనంత క్రమసంఖ్యలను (సహజ సంఖ్యలన్నిటి తర్వాతా కొనసాగే వరుస సంఖ్యలను) అనుమతించే మరో వ్యవస్థకు అందింది.

అందని వాక్యాన్నే కొత్త స్వీకృతంగా చేర్చుకోవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు, మంచి ప్రశ్న. చేర్చుకోవచ్చు, కానీ ఆ కొత్త వ్యవస్థకూ అందని మరో వాక్యం ఉంటుంది. సంఖ్యల గురించిన సత్యాలన్నిటినీ స్వీకృతాలు చేసేస్తే లోటు ఉండదు గానీ, ఏది స్వీకృతమో యాంత్రికంగా తేల్చే పద్ధతి పోతుంది. వైరుధ్యమున్న వ్యవస్థలోనైతే ప్రతి వాక్యమూ నిరూపితమే, దానివల్ల ఉపయోగం లేదు. గుణకారం వదిలేసి కూడికతో సరిపెట్టుకుంటే, ప్రతి వాక్యాన్నీ నిరూపించడమో ఖండించడమో సాధ్యమేనని 1929లోనే ప్రెస్‌బర్గర్ చూపారు.

కాబట్టి గోడెల్ సిద్ధాంతం వర్తించాలంటే వైరుధ్యం ఉండకూడదు, స్వీకృతాలను యాంత్రికంగా గుర్తించగలగాలి, కూడికతో పాటు గుణకారమూ ఉన్న అంకగణితం అందులో ఇమడాలి. విద్యార్థుల అనుబంధాల్లో ఆయన గురించి ప్రచురించేటప్పుడు ఈ షరతులకు ఒక్క వాక్యమైనా కేటాయించాలని మనవి.

ఇట్లు,
ఒక గణితాధ్యాపకుడు