ఆ పదకొండేళ్ల లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

‘దీర్ఘకాలం ఆగితే షేర్లలో నష్టం ఉండదు’ అనే మాట మీ బిజినెస్ పేజీలో తరచూ కనిపిస్తోంది. ఆ దీర్ఘకాలం ఎన్నేళ్లో మాత్రం ఎవరూ రాయరు. మన మార్కెట్ చరిత్రలో పదేళ్లు కూడా చాలని కాలం ఒకటుంది.

1992 ఏప్రిల్‌లో, షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడే రోజుల్లో, పెద్ద కంపెనీల షేర్ల ధరలు చూపే సూచీ సెన్సెక్స్ 4,400 దాటింది. 2003 ఏప్రిల్‌లో చూస్తే 3,000 లోపే ఉంది. సూచీలో డివిడెండ్లు, అంటే కంపెనీలు వాటాదారులకు పంచే లాభం, కలవవు, నిజమే. కానీ ఆ పదకొండేళ్లలో బజారులో ధరలు దాదాపు రెట్టింపయ్యాయి.

పోనీ అన్నాళ్లూ దేశంలో వ్యాపారాలు పడకేశాయా అంటే, లేదు. ఐటీ పెరిగింది, హైదరాబాద్‌లో హైటెక్ సిటీ లేచింది, కంపెనీల లాభాలూ పెరిగాయి. తగ్గిందల్లా ఆ లాభానికి జనం కట్టిన వెల. 1992లో రూపాయి లాభానికి 40 రూపాయల పైనే పెట్టి కొన్నారు. 2003 నాటికి 15 పెట్టడానికి కూడా మనసొప్పలేదు. దీర్ఘకాల బుల్ (మార్కెట్ పెరిగే), బేర్ (పెరగక నీరసించే) దశల గుట్టు చాలావరకు ఇక్కడే ఉంది. లాభాలు పెరుగుతున్నా వాటి మీద మోజు తగ్గుతూ వస్తే సూచీ అక్కడక్కడే తిరుగుతుంది. 2003 తర్వాత లాభాలూ మోజూ కలిసి పెరిగాయి కాబట్టే 2008 జనవరికి సెన్సెక్స్ ఏడు రెట్లయింది.

బేర్ దశలో మార్కెట్ రోజూ పడుతుందనుకుంటే పొరపాటే. 1994లో సెన్సెక్స్ పాత శిఖరాన్ని దాటింది. 2000 ఫిబ్రవరిలో 5,900 అందుకుంది. రెండుసార్లూ కొత్తవాళ్లు ఎగబడ్డారు, రెండుసార్లూ ఇరుక్కున్నారు. 2001 జులైలో ప్రభుత్వ రంగ ఫండ్ సంస్థ యూటీఐ, జనం సొమ్మును షేర్లలో కూడా పెట్టే తన యూఎస్-64 పథకంలో యూనిట్ల అమ్మకాలు, తిరిగి కొనుగోళ్లు ఆపేసింది. షేర్ల జోలికే వెళ్లకుండా, సర్కారువారి స్కీమని నమ్మి దాచుకున్న ఉద్యోగులకు తగిలిన దెబ్బ అది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2020 మార్చిలో దేశంలో షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు 4 కోట్లుంటే, 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. అంటే దాదాపు ముప్పాతిక వంతు ఖాతాలు కరోనా తర్వాత తెరిచినవే. 2020 మార్చిలో కూలిన మార్కెట్ నవంబరుకల్లా పాత శిఖరం దాటేసింది. పడితే కొను, ఏడాదిలో లేస్తుంది అనే ధీమా వీళ్లకు అక్కడే ఏర్పడింది. జపాన్ షేర్ల సూచీ నిక్కీ మాత్రం 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు!

నెలనెలా కొంత ఫండ్‌లో వేసే సిప్ ఉంది కదా అంటారు. ముప్పై ఏళ్ల వాళ్లకు నేనూ అదే చెబుతాను, చౌకగా దొరికినప్పుడు కొన్న యూనిట్లే తర్వాత కలిసొస్తాయి. రిటైరై గ్రాట్యుటీ, పీఎఫ్ సొమ్ము చేతికందిన మనిషి లెక్క వేరు. ఆయన మొత్తం ఒకేసారి పెడతాడు, మరుసటి నెల నుంచే ఖర్చులకు తీయడం మొదలుపెడతాడు. సూచీ పదేళ్లు కదలకపోతే యూనిట్లు అమ్ముకుంటూ పోవాల్సిందే. బుల్ దశ వచ్చేసరికి ఆయన దగ్గర మిగిలేదెంత? ఈమధ్య మా ఊళ్లో సన్మానంలో కప్పిన శాలువా తీయకముందే ఏజెంట్లు వాలిపోతున్నారు. వాళ్ల చేతిలోని కాగితాలన్నీ బుల్ దశ లెక్కలే.

అందుకే మీకో విన్నపం. ‘ఇంత పెడితే ఇంతయింది’ అనే పట్టిక వేసినప్పుడల్లా అందులో 1992–2003 వరుస కూడా చేర్చండి. ప్రకటన చివర గడగడా చదివేసే రిస్కు వాక్యంతో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా సరిపెట్టకూడదు. ఈక్విటీ (షేర్ల) ఫండ్ తెలుగు ప్రకటనల్లో, సూచీ చరిత్రలోని అతి చెడ్డ పదేళ్లలో లక్ష రూపాయలు ఎంతయ్యాయో లాభాల అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయించాలి.

– ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, తెనాలి