చీటీ రూలు డాక్టర్ల ఫీజు కోసం పుట్టలేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో గొంతునొప్పికి యాంటీబయాటిక్ కొనాలన్నా డాక్టరు చీటీ అడుగుతారని, ఇదంతా డాక్టర్లూ కంపెనీలూ కలిసి జనాన్ని దోచుకోవడానికి చేయించుకున్న చట్టమని ఈ మధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చి ఆరు నెలలుండి వెళ్ళినాయన అనుకుంటాను. ఆ కోపం నాకు కొత్త కాదు, ఇక్కడ న్యూజెర్సీలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఇదే మాట తెలుగులో చాలాసార్లు విన్నాను. అపాయింట్‌మెంట్ల గురించి, బిల్లుల గురించి ఆయన రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. చట్టం ఎందుకొచ్చిందో మాత్రం పూర్తిగా తలకిందులుగా చెప్పారు.

ఒకప్పుడు ఇక్కడ అడ్డూ అదుపూ లేదు. పళ్ళొచ్చే పిల్లలు ఏడవకుండా పట్టే సిరప్‌లో మార్ఫిన్ ఉండేది, సీసా మీద ఆ సంగతి ఉండేది కాదు. పిల్లలు నిజంగానే నిద్రపోయేవాళ్ళు, కొందరు మళ్ళీ లేచేవాళ్ళు కాదు. 1906లో వచ్చిన చట్టం కూడా మార్ఫిన్, నల్లమందు, కొకైన్ లాంటివి ఉంటే లేబుల్ మీద రాయమంది తప్ప అమ్మొద్దనలేదు. 1911లో ఒక క్యాన్సర్ 'మందు' కేసు సుప్రీంకోర్టుకి వెళితే, సీసాలో ఏముందో అబద్ధం రాస్తే నేరం గానీ రోగం తగ్గుతుందని అబద్ధం రాస్తే ఈ చట్టం కిందికి రాదని తేల్చారు! మరుసటి ఏడాది సవరణ చేశారు, కానీ మోసం చేసే ఉద్దేశం ఉందని ప్రభుత్వమే రుజువు చేయాలన్నారు. నేను నమ్మే అమ్మాను సార్ అని బుకాయిస్తే కేసు నిలబెట్టడం కష్టం.

1937లో జరిగింది చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సల్ఫానిలమైడ్ అప్పటికి మంచి మందు, గొంతు ఇన్‌ఫెక్షన్లకు మాత్రల్లో, పొడి రూపంలో దొరికేది. పిల్లలు తాగడానికి సిరప్ కావాలని గిరాకీ వచ్చింది. టెన్నెసీలోని మాసెంగిల్ కంపెనీ కెమిస్టు దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రవంలో కరిగించి రాస్‌బెర్రీ రుచి కలిపాడు. రంగు బాగుందా, వాసన బాగుందా, రుచి బాగుందా అని చూశారు, తాగితే ఏమవుతుందో చూడలేదు. చూడాలని చట్టంలో లేదు కూడా. కిడ్నీలు చెడిపోయి వంద మందికి పైగా చచ్చిపోయారు, అందులో ముప్పై మందికి పైగా పిల్లలు. అప్పుడు ఎఫ్‌డీఏ (మందుల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇన్‌స్పెక్టర్లు ఊరూరా తిరిగి సీసాలు వెనక్కి లాక్కున్నారు, ఏ అధికారంతో అనుకుంటున్నారు? దాని పేరు 'ఎలిక్సిర్'. ఎలిక్సిర్ అంటే అందులో ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి తప్పుడు పేరు! దాన్నే సిరప్ అని అమ్మి ఉంటే ఆ సీసాలను ముట్టుకునే దారి కూడా ఉండేది కాదు. కంపెనీకి పడ్డ జరిమానా 26 వేల డాలర్ల చిల్లర.

ఆ దెబ్బకే, అయిదేళ్ళుగా నలుగుతున్న బిల్లు 1938లో చట్టమైంది. మందు అమ్మే ముందు ప్రమాదం లేదని చూపించాలన్నారు. అయితే ఏ మందుకు చీటీ కావాలో దాదాపు కంపెనీల ఇష్టానికే వదిలేశారు. ఒకే మందుకు ఒక కంపెనీ 'చీటీ ఉంటేనే' అని లేబుల్ వేస్తే, ఇంకొకటి ఎవరైనా కొనుక్కోవచ్చనేది. మధ్యలో నలిగింది షాపువాడు. ఇది తేల్చింది 1951 చట్టం, దాన్ని తెచ్చిన చట్టసభ సభ్యులు డర్హమ్, హంఫ్రీ ఇద్దరూ డాక్టర్లు కాదండీ, ఫార్మసిస్టులు. హంఫ్రీ ఆ తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడు, అంతకుముందు వాళ్ళ నాన్న మందుల షాపులో పనిచేసినవాడు. అలవాటుపడేవి, డాక్టరు కనిపెట్టుకుని ఉండకపోతే ప్రమాదమయ్యేవి మాత్రమే చీటీ మీద ఇవ్వాలని, మిగతావి చేతికిచ్చేయొచ్చని అందులో ఉంది. డాక్టరు ఫోన్‌లో చెప్పినా ఇవ్వొచ్చని, అదే చీటీ మీద మళ్ళీ మందు ఇవ్వడానికి (రీఫిల్) ఒప్పుకోవచ్చని కూడా రాశారు. దోచుకోవాలనుకున్నవాళ్ళు ఇలా రాసుకుంటారా?

ధరల సంగతికి వద్దాం, ఎందుకంటే మీ పాఠకుడి అసలు బాధ అదే. సెనేటర్ కెఫావర్ 1959లో మందుల ధరల మీదే విచారణ మొదలుపెట్టాడు. ఆయన బిల్లును నీరుగార్చారు, ధరల భాగం ఎగిరిపోయింది. అదే సమయంలో ఎఫ్‌డీఏలో కొత్తగా చేరిన డాక్టర్ ఫ్రాన్సిస్ కెల్సీ ముందుకు, యూరప్‌లో అప్పటికే అమ్ముతున్న థాలిడమైడ్ అనే నిద్రమందు ఫైలొచ్చింది. అప్పటి రూలు ప్రకారం 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఆవిడ వివరాలు చాలవని మళ్ళీ మళ్ళీ తిప్పి పంపింది, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా కదల్లేదు. గర్భిణులు ఆ మందు వేసుకోవడం వల్ల యూరప్‌లో చేతులూ కాళ్ళూ సరిగా లేని పిల్లలు వేలల్లో పుట్టారని బయటపడ్డాక 1962లో కెఫావర్ బిల్లు పాసైంది, కానీ ధరల బిల్లుగా కాదు. మందు పనిచేస్తుందని కూడా రుజువు చేయాలని, ఎఫ్‌డీఏ అవునంటేనే అమ్మాలని చెప్పే బిల్లుగా. అన్నట్టు, 1937లో ఆ ఎలిక్సిర్ ఎందుకు చంపుతోందో షికాగో యూనివర్సిటీలో తేల్చిన బృందంలో అప్పుడు విద్యార్థినిగా ఉన్న కెల్సీ కూడా ఉంది. ఆవిడ మొండితనం ఎక్కడిదో నాకు అందులో కొంత తెలుస్తుంది.

ధరలు కొంతైనా దిగింది 1984 చట్టంతో. పేటెంటు అయిపోయిన మందును ఇంకో కంపెనీ పెద్ద ట్రయల్స్ అన్నీ మళ్ళీ చేయకుండా, ఒంట్లో అదే విధంగా పనిచేస్తుందని చూపిస్తే చాలన్నారు. పేటెంటును సవాలు చేస్తూ మొదట దరఖాస్తు పెట్టినవాడికి 180 రోజులు పోటీ లేకుండా అమ్ముకునే వీలిచ్చారు. 2001లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కంపెనీ డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటీన్ 40 మిల్లీగ్రాములకు అలాగే ఆ అవకాశం దక్కించుకుంది. కొత్త మందుల ధరలకు ఇప్పటికీ సరైన పగ్గం లేదు. తిట్టాలంటే దాన్ని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.

ఇంకో మాట. చీటీ రూలు మనకు లేదనుకోవద్దు. మీ ఇంట్లో ఉన్న అజిత్రోమైసిన్ స్ట్రిప్ తిప్పి చూడండి, ఎర్ర గీత, డాక్టరు చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక కనిపిస్తాయి. మందుల చట్టం 1940లో, దాని రూల్సు 1945లో వచ్చాయి, పట్టించుకునేవాళ్ళే తక్కువ. ఆ డైఇథిలీన్ గ్లైకాలే మందుల్లో కలిసి 1986లో ముంబైలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో మన వాళ్ళ ప్రాణాలు తీసింది.

ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళకు: బీపీ, షుగర్ మాత్రలు ఒరిజినల్ స్ట్రిప్పుల్లోనే తెచ్చుకోండి, డాక్టరు చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు (జెనరిక్ పేరు) కూడా రాయించుకోండి, ఎందుకంటే మన బ్రాండ్ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. సందేహం ఉంటే కౌంటర్ దగ్గర ఫార్మసిస్టుని పిలిచి అడగండి. అడిగినందుకు డబ్బులేం తీసుకోరు.

ఇట్లు,
ఒక తెలుగు ఫార్మసిస్టు, న్యూజెర్సీ