ఓక్లో కథ సగమే చెబితే ఎలా?

సంపాదకులకు,

అణువ్యర్థాల మీద మీ పేజీలో కొన్నాళ్లుగా ఉత్తరాలు వస్తున్నాయి. లక్ష సంవత్సరాలకు ఎవరు పూచీ పడతారని ఒకరు అడిగితే, ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట ప్రకృతే రియాక్టర్ నడిపి ఆ చెత్తను రెండు వందల కోట్ల ఏళ్లుగా దాచిపెట్టింది కదా, ఇంకెందుకు టెన్షన్ అని ఇంకొకరు రాశారు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ఓక్లో కథంటే నాకు ప్రాణం, కాబట్టి ఆ రెండో ఉత్తరం చదివి ఊరుకోలేకపోయాను.

1972లో ఫ్రాన్స్‌లోని పియెర్‌లాట్ ప్లాంటులో, గాబన్ నుంచి వచ్చిన యురేనియాన్ని పరీక్షిస్తుంటే, అందులో అణు ఇంధనంగా మండే రకమైన యురేనియం-235 వాటా 0.720 శాతం ఉండాల్సింది 0.717 వచ్చింది. మూడో దశాంశంలో తేడా! మా కాలేజీ ల్యాబులో అయితే 0.72 అని రాసేసి రికార్డు మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. ఆ ఫ్రాన్స్‌వాళ్లు మాత్రం వదల్లేదు, ఎందుకంటే చంద్రుడి మీంచి తెచ్చిన రాళ్లలో కూడా ఆ వాటా 0.720 శాతమే. లెక్క కట్టుకుంటూ వెనక్కి వెళితే సుమారు 200 కిలోల యురేనియం-235 తగ్గింది, అది బాంబు సరుకు కాబట్టి ఎవరైనా కాజేశారా అని కూడా అనుమానించారు. ఓక్లో గనిలో కొన్ని రాళ్లలో ఆ వాటా 0.44 శాతం దాకా పడిపోయి ఉంది, పైగా వాటిలోని నియోడిమియం అనే లోహం అచ్చం రియాక్టర్‌లో వాడేసిన ఇంధనంలో ఉండే తీరులో ఉంది. అంటే దొంగ ఎవరూ లేరు, ఆ యురేనియం అక్కడే, భూమిలోనే మండిపోయింది. ఇలా జరగడానికి వీలుందని పాల్ కురోడా అనే రసాయన శాస్త్రవేత్త 1956లోనే లెక్కలతో సహా చెప్పాడు, అప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రెండు వందల కోట్ల ఏళ్ల కిందట భూమిలో యురేనియం-235 వాటా మూడు శాతం పైనే ఉండేది, దానికి ఊటనీళ్లు తోడయ్యాయి. న్యూట్రాన్ల వేగం తగ్గించి ఆ అణుమంటను నడిపించేవి ఆ నీళ్లే. మన పొయ్యి మీద ఎసరు మరిగి ఇంకిపోయినా కింద మంట ఆగదు, అక్కడ నీళ్లు ఆవిరైపోతే మంటే ఆరిపోయేది, చల్లబడి మళ్లీ నీళ్లు చేరితే అంటుకునేది. అరగంట మంట, రెండున్నర గంటల విరామం అని 2004లో అక్కడి రాళ్లలో చిక్కుకున్న జెనాన్ వాయువును కొలిచి చెప్పారు. ఇలా లక్షల ఏళ్లు నడిచిందట. (ఈ పాఠం చెప్పిన రోజు వెనక బెంచీలు కూడా నిద్రపోయేవి కావు.)

ఇంతవరకు అందరూ చెబుతారు. తర్వాతది చెప్పరు. అక్కడ పుట్టిన ప్లుటోనియం చాలావరకు పుట్టినచోటే ఉండి మళ్లీ యురేనియంగా మారింది, నియోడిమియంలాంటివి కూడా పెద్దగా కదల్లేదు. కానీ అదే మంటలో పుట్టిన సీజియం, స్ట్రాన్షియం చాలావరకు బయటికి పోయాయి, వాయువుల సంగతి సరేసరి. పైగా అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో బాంగోంబే అనే చోట ఇలాంటిదే ఇంకో రియాక్టర్ ఉంది, అది నేలకు పది పన్నెండు మీటర్ల లోతులోనే ఉండటంతో పైనుంచి దిగిన నీళ్లకు చాలా దెబ్బతింది. కాబట్టి ప్రకృతి దాచిపెట్టిందనే మాట ఏ పదార్థం, ఎంత లోతు, ఎలాంటి నీళ్లు అని అడక్కుండా అనదగ్గది కాదు.

లోతు, నీళ్లు అంటే ఏమిటో కెనడాలోని సిగార్ లేక్ ఇంకా బాగా చూపిస్తుంది. దాదాపు 130 కోట్ల ఏళ్ల నాటి ఖనిజం, సుమారు 430 మీటర్ల లోతున, చుట్టూ బంకమట్టి. అంత ఘాటు యురేనియం కింద ఉన్నా పైన నేల మీద దాని జాడే తెలియదు. ప్రాణవాయువు లేని నీళ్లలో యురేనియం కరగదు, ఆ నీళ్లను కూడా మట్టి కదలనివ్వదు. రేగడి చేలున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఎండాకాలంలో కాలు దిగబడేంత పగుళ్లిచ్చిన చేను నాలుగు వానలకే ఉబ్బి పూడుకుపోతుంది. ఫిన్లాండ్‌వాళ్లు అణువ్యర్థాల కోసం తవ్విన ఓంకాలో సొరంగంలో రాగి డబ్బాల చుట్టూ కూరే బెంటొనైట్ అనే బంకమట్టిది ఇదే గుణం, మనం కరెంటు ఎర్తింగ్ గుంతలో పోయిస్తామే, ఆ పొడే.

నన్ను ఉత్తరం రాయించింది మాత్రం ఇంకో విషయం. ఫిన్లాండ్, స్వీడన్ వాడేసిన ఇంధనాన్ని అలాగే పూడ్చాలనుకున్న దేశాలు. ఆ ఇంధనం యురేనియం ఆక్సైడు, ఓక్లో ఖనిజం కూడా దాదాపు అదే, అందుకే పోలిక నిలుస్తుంది. మన దేశం దారి వేరు. ఇంధనాన్ని శుద్ధిచేసి యురేనియం, ప్లుటోనియం తీసుకున్నాక మిగిలిన ఘాటు వ్యర్థాన్ని గాజులో కలిపి స్టీలు డబ్బాల్లో పోస్తున్నాం. అంటే ఓక్లోలో కదలకుండా ఉన్న యురేనియం, ప్లుటోనియాలను మనం ముందే తీసేసుకుని, అక్కడ పారిపోయిన సీజియం, స్ట్రాన్షియాలతో సహా మిగిలినదాన్ని గాజులో పెడుతున్నాం. ఆ రెండింటి జోరు కొన్ని వందల ఏళ్లలో తగ్గిపోతుంది, నిజమే. అయినా ఆ గాజు ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే యురేనియం గనిని కాదు, అగ్నిపర్వతాల నుంచి వచ్చి లక్షల ఏళ్లుగా నీళ్లలో నానుతున్న సహజ గాజును చూడాలి. అలాంటి పరిశోధనలు ఉన్నాయి కూడా. ఓక్లోను తెచ్చి మన గాజుకు సాక్ష్యం పలికిస్తే ఎలా?

మాది కుప్పం. మా తాత కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు, ఆ లోతులో వేడికి చొక్కా పిండితే నీళ్లు కారేవని చెప్పేవాడు. 1980ల్లో అదే గనుల్లో, వెయ్యి మీటర్ల లోతున, వ్యర్థాల వేడికి రాయి ఎలా స్పందిస్తుందో చూడటానికి హీటర్లు పెట్టి ఏళ్ల తరబడి ప్రయోగం చేశారు. 2012లో కూడంకుళం వ్యర్థాలు కోలారుకు వస్తాయన్న మాట బయటికి రాగానే జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం అలాంటిదేమీ లేదంది. ఆ రోజుల్లో మా ఊరి టీకొట్టు దగ్గర నన్ను అడగనివాడు లేడు, హీటర్ల ప్రయోగం గురించి విన్నవాడు ఒక్కడూ లేడు. ఓక్లో మీద ఇంకో వ్యాసం వేసే ముందు, మా పక్కనే కోలారు రాయిలో ఏం తేలిందో తెలిసినవాళ్ల చేత తెలుగులో రాయించి ఒక పేజీ వేయండి.

— రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, కుప్పం