మెదడులో తీగలు మిగిలాయి, బాధ్యత ఎవరిది?

వైద్య పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ అధ్యక్షులవారికి,

కర్నూలు నుంచి నమస్కారాలు. మూడు లేఖలకూ జవాబు రానందున నలుగురి ఎదుట రాస్తున్నాను.

మీ నిధులతో జరిగిన ప్రయోగంలో మా నాన్నగారి మెదడులో ఎలక్ట్రోడ్లు, అంటే విద్యుత్తు పంపే సన్నని తీగలు, అమర్చారు. పార్కిన్సన్స్ జబ్బు వల్ల వచ్చిన వణుకు తగ్గింది. ఏళ్ల తర్వాత ఆయన టీ గ్లాసును తొణకకుండా పెదవుల దాకా తెచ్చుకున్నారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ప్రయోగం ముగిసింది. ఆ తీగలకు విద్యుత్తునిచ్చే ఛాతీలోని బ్యాటరీ అయిపోవస్తోంది, గ్లాసు మళ్లీ తొణుకుతోంది. కొత్త బ్యాటరీకి లక్షలు కావాలి.

ప్రయోగానంతర బాధ్యతను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి నైతిక మార్గదర్శకాలు ప్రస్తావించాయి. అది కాగితానికే పరిమితం కారాదు. బ్యాటరీ, మరమ్మతు, తొలగింపు ఖర్చులకు ముందే సొమ్ము కేటాయించని ప్రయోగానికి నిధులు మంజూరు చేయకండి. నాన్నగారి బ్యాటరీ మార్పునకు ఈ నెలలోనే ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె, కర్నూలు